కదిలేవాటితోనే కొలత

(ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు స్మృతిలో బొమ్మసంద్ర తెలుగు మిత్రుల సభలో చేసిన ఉపన్యాసానికి అచ్చు ప్రతి)



బొమ్మసంద్ర పారిశ్రామికవాడలో చుక్కల శాస్త్రవేత్త పేరిట ఉపన్యాసం ఏమిటని కొందరు అడిగారట. అడగవలసిన ప్రశ్నే. నా జవాబు చెబుతాను. ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో చాలామంది పొద్దున మెషిన్ ఆన్ చెయ్యగానే చేసే మొదటి పని జీరో పెట్టుకోవడం. జాబును వైస్‌లో బిగించి, ఎడ్జ్ ఫైండర్‌తో అంచు పట్టి, ఇక్కడ ఎక్స్ సున్నా, ఇక్కడ వై సున్నా అని చెప్పాకే టూలు కదులుతుంది. ఆ సున్నా మెషిన్‌లో పుట్టింది కాదు, జాబులో ఉన్నదీ కాదు, మీరు పెట్టింది. మరో అంచున పెట్టుకుని లెక్క మార్చుకున్నా పార్టు అదే వస్తుంది. కాకపోతే మీకు కింద గట్టి నేల ఉంది, దాని మీద గ్రానైట్ సర్‌ఫేస్ ప్లేటు ఉంది. ఆకాశంలో అవి లేవు. అక్కడ జాబూ కదులుతోంది, బల్లా కదులుతోంది, డయల్ చూసేవాడూ కదులుతున్నాడు. అయినా సూర్యుడు సెకనుకు ఇన్ని కిలోమీటర్లు పోతున్నాడని పుస్తకాలు ధీమాగా రాస్తాయి. ఆ ధీమా ఎక్కడినుంచి వచ్చిందన్నదే ఇవాళ్టి విషయం. అందులో మన హైదరాబాదుకు ఉన్న వాటా చాలామందికి తెలియదు. అందుకే దాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ముందు బప్పు గారి గురించి నాలుగు మాటలు. 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. కేరళ కుటుంబం. తండ్రి హైదరాబాదులోని నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. అలా ఆ ఊళ్లోనే పెరిగి, నిజాం కాలేజీలో చదువుకున్నారు. 1949లో హైదరాబాదు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డుకు వెళ్లారు. అక్కడికి చేరిన కొద్ది కాలానికే ఒక తోకచుక్కను కనిపెట్టారు. దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ అని పేరు. 1960లో కొడైకనాల్ అబ్జర్వేటరీ డైరెక్టరయ్యారు. 1971లో ఆయన చేతుల మీదుగానే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ ఏర్పడింది. కోరమంగలలో ఉన్నది అదే. మన ముందున్న హోసూరు రోడ్డునే పట్టుకుని కృష్ణగిరి దాటి పోతే వచ్చే జవ్వాది కొండల్లో, కావలూరులో, దూరదర్శినుల కేంద్రాన్ని నిలబెట్టారు. 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడు. కావలూరులోని 2.3 మీటర్ల దూరదర్శిని 1986లో ప్రారంభమైంది. దాన్ని ఆయన చూడలేదు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు మనసు కష్టంగా ఉంటుంది.

ఇక విషయంలోకి వస్తాను.

1887లో రెండు పనులు మొదలయ్యాయి. ఒకటి అమెరికాలో, క్లీవ్‌లాండ్‌లో. మైకెల్సన్, మోర్లీ అనే ఇద్దరు ఒక పెద్ద రాతి పలకను పాదరసం మీద తేల్చి, దాని మీద అద్దాలు అమర్చి, కాంతిని అడ్డంగా నిలువుగా నడిపించి చూశారు. విశ్వమంతా ఈథర్ అనే పదార్థం కదలకుండా పరుచుకుని ఉందని అప్పటి నమ్మకం. సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో తిరిగే భూమి ఆ ఈథర్‌లోంచి దూసుకుపోతుంటే, రెండు దిక్కుల కాంతికీ తేడా కనబడాలి. కనబడలేదు. పలకను ఎటు తిప్పినా చెప్పుకోదగ్గ తేడా లేదు. విశ్వానికి సర్‌ఫేస్ ప్లేటు లాంటిది ఏదైనా ఉంటే దాన్ని పట్టుకోవాలని ఎంతో జాగ్రత్తగా చేసిన ప్రయత్నం అది. దొరకలేదు. 1905లో ఐన్‌స్టీన్ అసలు అలాంటిది అక్కర్లేదన్నాడు.

రెండో పని అదే ఏడు పారిస్‌లో. చాలా దేశాల ఖగోళ శాస్త్రవేత్తలు సమావేశమై, ఆకాశమంతా ఫోటోలు తీసి ప్రతి చుక్క స్థానాన్నీ పట్టికలో రాయాలని తీర్మానించారు. ఆకాశాన్ని పట్టీలుగా కోసి ఒక్కో అబ్జర్వేటరీకి ఒక్కో పట్టీ పంచారు. కదలని బిందువు కోసం వాళ్లు వెతకలేదు. ఇవాళ ఏది ఎక్కడుందో రాసి పెడదాం, తర్వాతి తరాలవాళ్లు మళ్లీ చూస్తే ఏది ఎంత జరిగిందో తెలుస్తుంది అన్నారు. ఒకే ఏట ఒకచోట స్థిరమైన ఆధారం దొరకలేదని తేలడం, మరోచోట అది లేకుండానే కొలిచే పని మొదలవడం నాకు చాలా ముఖ్యమైన విషయంగా తోస్తుంది. వాళ్లలో వాళ్లకు సంబంధం లేకపోయినా సరే.

ఆ పట్టీల్లో చిలీలోని శాంటియాగోకు ఇచ్చినది ఒకటి, జర్మనీలోని పాట్స్‌డామ్‌కు ఇచ్చినదాంట్లో కొంత భాగం అక్కడ పూర్తికాక, చివరకు హైదరాబాదుకు వచ్చాయి. నవాబ్ జఫర్ జంగ్ సొంత ఆసక్తితో 1901లో మొదలుపెట్టిన అబ్జర్వేటరీ అది. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం తీసుకుంది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. బేగంపేటలో గుమ్మటాల కింద 8 అంగుళాల ఫోటోగ్రఫీ దూరదర్శిని ఒకటి, 15 అంగుళాలది మరొకటి ఉండేవి. దక్షిణాన మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీని, అంటే హస్త, అనూరాధల మీదుగా పోయే పట్టీని, 1914 నుంచి 1929 దాకా ఫోటోలు తీశారు. ఆ తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ 1938 దాకా సాగింది. పొకాక్ దొర, ఆయన తర్వాత 1918 నుంచి 1944 దాకా టి.పి. భాస్కరశాస్త్రి గారు ఈ పని నడిపించారు. ఫలితం 12 సంపుటాల పట్టిక.

ఆ పని ఎలా జరిగేదో దగ్గరగా చూడాలి. ఒక్కో ప్లేటు 16 సెంటీమీటర్ల చదరపు గాజు. దాని మీద ఆకాశంలో 2 డిగ్రీల పొడవు, 2 డిగ్రీల వెడల్పు ముక్క పడుతుంది. ఆర్క్ సెకండు అంటే డిగ్రీలో 3600వ వంతు. ప్లేటు మీద 1 మిల్లీమీటరుకు 60 ఆర్క్ సెకండ్లు వస్తాయి. అంటే 1 మైక్రానుకు 0.06. ప్లేటును దూరదర్శినిలో పెట్టకముందే దాని మీద 5 మిల్లీమీటర్లకొకటి చొప్పున అడ్డంగా, నిలువుగా సన్నటి గీతలు కాంతితో ముద్రిస్తారు. గాజు మీది జిలాటిన్ పూత కడిగి ఆరబెట్టేటప్పుడు కొంచెం లాగుతుంది, ముడుచుకుంటుంది. చుక్క జరిగితే దాని పక్కనున్న గీతా జరుగుతుంది కాబట్టి, గీతనుంచి కొలిస్తే ఆ తప్పు చాలావరకు పోతుంది. ఎంత చక్కటి ఆలోచనో చూడండి. గీత స్థిరంగా ఉంటుందని ఎవరూ అనుకోలేదు, చుక్కతో పాటే కదులుతుందని తెలిసే దాన్ని నమ్మారు.

ఆ తర్వాత మైక్రోస్కోపు కింద పెట్టి ఒక్కో చుక్కనూ గడి అంచులనుంచి కొలవాలి. లక్షల చుక్కలు. వాటికన్‌లో ఈ కొలతలు సన్యాసినులు తీసుకున్నారు. చాలాచోట్ల పేర్లు ఎక్కని సహాయకులు, గుమాస్తాలు చేశారు. ఇంత ఓపిక పట్టినవాళ్లు తమ జీవితకాలంలో ఫలితం చూడలేమని తెలిసే ఆ పని చేశారు.

ఎందుకు చూడలేరో లెక్క వేద్దాం. ఒక చుక్క ఏడాదికి 0.01 ఆర్క్ సెకండు జరుగుతోందనుకోండి. ఏడాది తర్వాత మళ్లీ ఫోటో తీస్తే ప్లేటు మీద జరిగినది 1 మైక్రానులో ఆరో వంతు. కొలతలో తప్పే నాలుగైదు మైక్రాన్లు ఉంటుంది. ఏమీ తెలియదు. 70 ఏళ్ల తర్వాత తీస్తే జరిగినది 12 మైక్రాన్లు. 12 మైక్రాన్లంటే మీలో గ్రైండింగ్ చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. తప్పు అంతే ఉంటుంది, కదలిక మాత్రం పోగవుతుంది. పనిముట్టు మారలేదు, కాలమే దాన్ని పదునుపెట్టింది.

ఇందులో ఒక పెద్ద చిక్కు ఉంది. ప్లేటు మీద చుక్కల మధ్య దూరాలు తెలుస్తాయి కానీ, ఆ ప్లేటు ఆకాశంలో ఎక్కడ కూర్చుంటుందో తెలియాలంటే, అందులో స్థానం ముందే తెలిసిన కొన్ని ఆధార నక్షత్రాలు కావాలి. ఆ ఆధార నక్షత్రాలూ కదిలేవే. వాటి కదలిక అప్పట్లో సరిగా తెలియదు. అందుకే పారిస్ పట్టికలు దశాబ్దాల తరబడి బీరువాల్లో ఉండిపోయాయి. అంత డబ్బు, అంత శ్రమ వృథా అన్న పెద్దలూ ఉన్నారు.

1989లో యూరప్ వాళ్లు హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపారు. అది 1993 దాకా పనిచేసి లక్షకు పైగా నక్షత్రాల స్థానాన్ని, కదలికను వెయ్యోవంతు ఆర్క్ సెకండు మేరకు కొలిచింది. దాంతో వెనక్కి లెక్క వేసి, ఆ ఆధార నక్షత్రాలు 1920లో ఎక్కడ ఉండి ఉంటాయో చెప్పగలిగారు. బీరువాలోని పట్టికలకు ప్రాణం వచ్చింది. అమెరికా నావికాదళ అబ్జర్వేటరీవాళ్లు ఆ పాత కొలతలన్నింటినీ కంప్యూటర్లోకి ఎక్కించి, 46 లక్షల నక్షత్రాల పట్టిక చేశారు. దాన్ని హిప్పార్కస్ కొలతలతో పోల్చి 2000లో టైకో-2 అనే పట్టిక వచ్చింది. అందులో 25 లక్షల నక్షత్రాల కదలికలున్నాయి. బేగంపేటలో తీసిన గాజు ప్లేట్ల కొలతలు అందులో కలిసి ఉన్నాయి. హస్త, అనూరాధల పట్టీలో ఒక మామూలు నక్షత్రం ఎటు పోతోందో ఆ పట్టికలో చూశారంటే, మొదటి కొలత మన హైదరాబాదువాళ్లు తీసిందే కావచ్చు.

చుక్కల కదలికను పాత పట్టికలతో పోల్చి పట్టుకోవడం కొత్తేమీ కాదు. 1718లో ఎడ్మండ్ హేలీ గ్రీకుల కాలంనాటి పట్టికలతో పోల్చి స్వాతి, రోహిణి, లుబ్ధకుడు చోటు మారాయని చెప్పాడు. అందులో స్వాతి బాగా వడిగలది. ఆ గ్రీకు పట్టికలు రాసినవాళ్లలో ఒకడైన టాలమీ కాలం నుంచి హేలీ నాటికి సుమారు ఒక డిగ్రీ జరిగింది. నిండు చంద్రుడి వెడల్పుకు రెండింతలు. పంచాంగంలో స్వాతి పేరు మారలేదు, స్వాతి మాత్రం పోతూనే ఉంది.

ఇప్పటిదాకా చెప్పినదంతా కోణం. ఏడాదికి ఇన్ని ఆర్క్ సెకండ్లు అంటే వేగం కాదు. దగ్గరగా నింపాదిగా పోయే చుక్కా, దూరంగా వడిగా పోయే చుక్కా ఒకే కోణం చూపించవచ్చు. దూరం తెలియాలి. బప్పు పేరు ప్రపంచానికి తెలిసింది ఇక్కడే. 1957లో ఒలిన్ విల్సన్‌తో కలిసి ఆయన ఒక సంగతి బయటపెట్టారు. సూర్యుడి లాంటి, అంతకంటే చల్లని నక్షత్రాల కాంతిని విడదీస్తే కాల్షియం వల్ల ఏర్పడే ఒక నల్ల గీత ఉంటుంది. ఆ గీత నడుమ సన్నటి వెలుగు గీత మరొకటి కనబడుతుంది. ఆ వెలుగు గీత వెడల్పును బట్టి నక్షత్రం అసలు కాంతి ఎంతో చెప్పవచ్చు. అసలు కాంతి తెలిస్తే, మనకు కనబడే కాంతితో పోల్చి దూరం చెప్పవచ్చు. దీన్నే విల్సన్-బప్పు ఎఫెక్ట్ అంటారు. నాకు ఇందులో బాగా నచ్చేది ఒకటుంది. నక్షత్రం మన వైపు వస్తే ఆ గీత నీలం వైపు, దూరంగా పోతే ఎరుపు వైపు జరుగుతుంది. వెడల్పు మాత్రం చెప్పుకోదగ్గంత మారదు. ఒకే గీత తన చోటుతో వేగాన్ని, తన వెడల్పుతో దూరాన్ని చెబుతుంది.

గీత జరిగిందని ఎలా తెలుస్తుంది? స్పెక్ట్రోగ్రాఫులో నక్షత్రం కాంతి పట్టీకి పక్కనే, గదిలో వెలిగించిన ఇనుప ఆర్క్ కాంతినో, థోరియం దీపం కాంతినో పడేలా చేస్తారు. ఆ దీపం గీతలతో పోలుస్తారు. మళ్లీ చూడండి, పోలిక దీపంతో. దీపం దూరదర్శినితో, దూరదర్శిని భూమితో పాటు తిరుగుతోంది. కావలూరు అక్షాంశంలో నేల సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో తూర్పుకు పోతోంది. భూమి సూర్యుడి చుట్టూ 30 కిలోమీటర్లు. ఆ రెండింటినీ తీసివేసి, సూర్యుడితో పోలిస్తే ఇంత అని రాయాలి. బర్నార్డ్ నక్షత్రం చూద్దాం. ఆకాశంలో అన్నింటికన్నా వడిగా జరిగేది అదే, ఏడాదికి సుమారు 10.4 ఆర్క్ సెకండ్లు. దూరం 6 కాంతి సంవత్సరాలు. అడ్డంగా సెకనుకు 90 కిలోమీటర్లు, మన వైపు 110. రెండూ కలిపితే సుమారు 142. ఈ అంకె సూర్యుడితో పోల్చినది. సూర్యుడి పేరు తీసేస్తే ఆ అంకెకు అర్థం లేదు.

ఇదే కష్టం మన శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయల్దేరిన మంగళయాన్‌కూ ఉండేది. 2014 సెప్టెంబరు 24 పొద్దున అంగారకుడి దగ్గర దాని ఇంజను సుమారు 24 నిమిషాలు మండి, సెకనుకు 1,099 మీటర్ల వేగం తగ్గించుకోవలసి వచ్చింది. సంకేతం ఒక వైపు రావడానికే 12 నిమిషాలకు పైన. కాబట్టి అది తన పని తానే చూసుకోవలసి వచ్చింది. ఓడలో కూర్చున్నవాడికి ఒకే వేగంతో పోయే ప్రయాణం ఎంత వేగమైనా తెలియదు, అది ప్రకృతి నియమం. కానీ వేగంలో మార్పు తెలుస్తుంది, తిరగడం తెలుస్తుంది. యాక్సిలరోమీటర్లు ఆ మార్పును పోగు చేసి చెబుతాయి, దిక్కు చుక్కల కెమెరాలు చెబుతాయి. ఎంత వేగంతో పోతోందన్నది మాత్రం ఇక్కడినుంచి, బెంగళూరు శివార్లలోని బ్యాలాళులో ఉన్న 32 మీటర్ల యాంటెన్నా రేడియో తరంగాల మార్పుతో కొలవవలసి వచ్చేది. ఆ యాంటెన్నాను తయారుచేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్.

సూర్యుడి సంగతి మిగిలింది. 1783లో విలియం హెర్షెల్ కొన్ని నక్షత్రాల కదలికలే చేతిలో పెట్టుకుని, అవి ఒకవైపు విచ్చుకుంటున్నాయి, ఎదురువైపు దగ్గరవుతున్నాయి కాబట్టి సూర్యుడే హెర్క్యులీస్ వైపు పోతున్నాడన్నాడు. ఇప్పటి లెక్కలో దగ్గరి నక్షత్రాల సగటుతో పోలిస్తే సూర్యుడి వేగం సెకనుకు సుమారు 20 కిలోమీటర్లు. పాలపుంత నడిబొడ్డుతో పోలిస్తే సుమారు 230 నుంచి 250. విశ్వమంతా నిండిన తొలి వెలుగుతో పోలిస్తే 370. నన్ను చాలామంది పిల్లలు అడుగుతారు, ఇందులో నిజమైనది ఏది అని. మూడూ నిజమే. మూడు వేర్వేరు తోడులతో వేసిన మూడు లెక్కలు.

ఈ 370 ఎలా వచ్చిందంటే, 1965లో పెంజియాస్, మరో విల్సన్ ప్రకటించిన ఆ రేడియో వెలుగు ఆకాశమంతటా ఒకేలా 2.7 కెల్విన్ ఉష్ణోగ్రతలో ఉంటుంది. సరిగ్గా కొలిస్తే సింహరాశి అంచున ఒకవైపు కెల్విన్‌లో వెయ్యికి 3 వంతుల పైచిలుకు ఎక్కువ, ఎదురువైపు అంతే తక్కువ. మనం ఎక్కువ ఉన్న వైపు పోతున్నామని అర్థం. ప్లాంక్ ఉపగ్రహం కొలత 369.8 కిలోమీటర్లు. ఇదే ఆ సర్‌ఫేస్ ప్లేటు కదా అనిపిస్తుంది. కాదు. ఏ భౌతిక నియమమూ దానికి ప్రత్యేక స్థానం ఇవ్వదు. అందరికీ అందుబాటులో ఉన్న ఒక మంచి తోడు, అంతే.

దిక్కులకు కూడా ఇప్పుడు ఇలాంటి తోడే ఉంది. హిప్పార్కస్ చుక్కల మధ్య కోణాలు మాత్రమే కొలిచింది కాబట్టి, మొత్తం చుక్కల గోళం నెమ్మదిగా తిరుగుతున్నా దానికి తెలియదు. అందుకని కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న క్వేజార్లు అనే వెలుగు మూలాలకు ముడి వేశారు. 1998 నుంచి ఖగోళ శాస్త్రవేత్తల అంగీకృత చట్రం రేడియో క్వేజార్లతో కట్టినదే. మొదట 212 ఆధారాలు, ఇప్పుడు 303. వాటినీ అచ్చంగా కదలనివని ఎవరూ అనడం లేదు. సూర్యుడు పాలపుంత చుట్టూ వంపు తిరుగుతున్నందువల్ల క్వేజార్లన్నీ కలిసికట్టుగా ఏడాదికి 5 మైక్రో ఆర్క్ సెకండ్లు ఒకవైపు ఒరుగుతున్నట్టు కనిపిస్తాయి. గయా ఉపగ్రహం 2020 నాటి ఫలితాల్లో సుమారు 16 లక్షల క్వేజార్ల నుంచి ఈ ఒరుగుడును పట్టుకుంది. సూర్యుడి వేగం ఏడాదికి సెకనుకు 7 మిల్లీమీటర్ల చొప్పున పాలపుంత నడిబొడ్డు వైపు వంగుతోందని తేల్చింది. ఇంతటి సన్నటి మార్పు తెలిసిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

ఇప్పుడు తేలని విషయం ఒకటి. మనం 370 వేగంతో పోతుంటే, పోయే వైపు క్వేజార్లు కొంచెం ఎక్కువ సంఖ్యలో కనబడాలి, అదీ లెక్కకు అందేదే. 2021లో ఒక బృందం 13 లక్షలకు పైగా క్వేజార్లను లెక్కించి చూసింది. దిక్కు దాదాపు సరిపోయింది, పరిమాణం మాత్రం రావలసినదానికి రెండింతలు వచ్చింది. లెక్కలో తప్పుందా, క్వేజార్ల పంపకంలోనే ఏదైనా తేడా ఉందా, లేక తొలి వెలుగూ క్వేజార్లూ ఒకే చట్రంలో నిలబడి లేవా? ఆ బృందంలో మన దేశపు పరిశోధకులున్నారు. ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో కడుతున్న స్క్వేర్ కిలోమీటర్ అరే రేడియో దూరదర్శినుల్లో భారతదేశం భాగస్వామి. అది కోట్ల రేడియో మూలాలను లెక్కించాక ఈ తగవు ఒక కొలిక్కి వస్తుందని ఆశిస్తున్నారు. ఈ హాల్లోని పిల్లల్లో ఎవరైనా ఆ లెక్కలో కూర్చుంటారేమో.